స్తంభం మీద తీగ ఎవరిది?

టెలిఫోన్స్‌లో లైన్ల పని చేసి రిటైరైనవాణ్ణి. రోడ్డు మీద నడిచేటప్పుడు తలెత్తి స్తంభాలు చూసుకుంటూ వెళ్ళే అలవాటు ఉద్యోగంతో పోలేదు. మా కోనసీమలో ఇప్పుడు ఏ ఊరు వెళ్ళినా కరెంటు స్తంభాలకి నల్లటి కేబుల్ చుట్టలు చుట్టలుగా వేలాడుతూ ఉంటుంది. కొన్నిచోట్ల తెగిపోయి, కొబ్బరిమట్టల్లో ఇరుక్కుని, కాలవ గట్టు మీదకి జారి గేదెల కాళ్ళకి చుట్టుకుంటూ ఉంటుంది. అది ఫైబర్ అనే గాజు తీగ. దాంట్లోంచి ఒక మండలానికి సరిపడా చదువు, వైద్యం, బ్యాంకు పని, గల్ఫ్ కబుర్లు అన్నీ వెళ్ళగలవు. అలాంటి తీగ మట్టిలో పడి ఉంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా రోజుల్లో తీగ నేల మీద పడిందంటే ఆ సెక్షన్ లైన్‌మన్‌కి నిద్ర పట్టేది కాదు. పొద్దున్నే సైకిలు మీద నిచ్చెన కట్టుకుని, భుజాన టెస్టింగ్ ఫోను వేసుకుని బయల్దేరేవాడు. ఆ స్తంభం ఎవరిది, ఆ తీగ ఎవరిది, ఆ పింగాణీ గుబ్బ ఎవరిది అన్న ప్రశ్నే వచ్చేది కాదు. అన్నీ డిపార్టుమెంటువే. ఏది పాడైనా బాగు చెయ్యాల్సినవాడు ఒక్కడే. అతని పేరు ఊరందరికీ తెలుసు, అతని ఇల్లు కూడా తెలుసు.

ఆ రోజులన్నీ బంగారం అని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. ఫోను కావాలంటే దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఓవైటీ అని ముందుగా పెద్ద మొత్తం డిపాజిట్టు కట్టినవాళ్ళు కూడా ఆగాల్సి వచ్చేది. రాజోలు నుంచి హైదరాబాదు మాట్లాడాలంటే 180కి చేసి ట్రంక్‌కాల్ బుక్ చేసుకుని, అన్నం కూడా ఫోను పక్కనే కూచుని తినేవాళ్ళు. ఊళ్ళో ఫోనంటే కరణం గారింట్లోనో, రైసుమిల్లులోనో, పోస్టాఫీసులోనో. పాలేరు పిల్లకి పురిటి నొప్పులొస్తే ఆ ఇంటి గుమ్మంలో నిలబడి బతిమాలుకోవాల్సిందే. అది గొప్ప కాలం ఎలా అవుతుంది?

ఆ పరిస్థితిని మార్చింది కూడా ప్రభుత్వ డబ్బుతో జరిగిన పనే. 1984లో సి-డాట్ అనే టెలికాం పరిశోధన సంస్థని పెట్టారు. శామ్ పిట్రోడా అండతో మన కుర్ర ఇంజినీర్లు 128 పోర్టుల చిన్న పల్లె ఎక్స్ఛేంజిని తయారుచేశారు. దానికి ఏసీ గది అక్కర్లేదు. దుమ్ములో, ఎండలో, పంచాయతీ ఆఫీసు పక్కగదిలో పెట్టినా పనిచేసేది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిట్టూరులో పెట్టారు. అది మా ప్రాంతానికి వచ్చాక మాకు కొత్త ప్రాణం వచ్చినట్టయింది. పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు సెంటరు సెంటరుకీ లేచాయి. రాత్రి పదకొండు దాటాక పావు చార్జీ అని బూత్‌ల ముందు జనం బారులు తీరేవారు. పగలంతా పని చేసి, ఆ వేళకి పిల్లల్ని చంకనేసుకుని వచ్చి, మీటరు మీద కన్నేసి మాట్లాడేవారు. గల్ఫులో ఇంటిపనికి వెళ్ళిన తల్లుల గొంతు వినడానికి అలా వచ్చిన పిల్లల్ని నేను చూశాను. మీటరు గిర్రున తిరుగుతుంటే చెప్పాల్సింది చెప్పకుండానే ఏడ్చి ఫోను పెట్టేసేవారు.

ఇంటర్నెట్ అయితే ఇంకా దూరపు సంగతి. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ జనానికి ఇచ్చినప్పుడు అది మహానగరాల సొత్తు. బొమ్మలు కనిపించే కనెక్షనుకి ఏడాదికి పదిహేను వేల దాకా కట్టాలి, వేగం సెకనుకి 9.6 కిలోబిట్లు. మా వైపు కుర్రాళ్ళు దాని మొహం చూసింది నెట్ సెంటర్లు వచ్చాకే. పదో తరగతి, ఇంటర్ ఫలితాల రోజున ఆ సెంటర్ల ముందు తీర్థంలా ఉండేది. 2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అంటే 256 కిలోబిట్లు అని నిర్ణయించింది. 2013లో అది 512 అయింది. 2 మెగాబిట్లు ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అనాలని చెప్పింది 2023లో. కాగితం మీద ఈ గీత ఇంత నెమ్మదిగా జరగడం వల్ల పల్లెలకి ఏది ఇచ్చినా సరిపోతుందన్న ధోరణి కూడా నెమ్మదిగానే పోయింది, ఇంకా పూర్తిగా పోలేదు.

మా రోజుల పాడుపనుల్లో ఒకటి చెప్పాలి, ఎందుకంటే అదే ఇప్పుడు మళ్ళీ జరుగుతోంది. తొంభైల్లో ప్రతి పల్లెకీ ఒక పబ్లిక్ ఫోను అని లక్ష్యం పెట్టారు. తీగలు లాగడం ఖర్చని రేడియో మీద నడిచే ఎంఏఆర్ఆర్ అనే పద్ధతి తెచ్చారు. పంచాయతీ ఆఫీసుల మీద యాంటెన్నాలు లేచాయి. ఇన్ని గ్రామాలకి ఫోను ఇచ్చామని లెక్కలు వెళ్ళాయి. కొన్నాళ్ళకే బ్యాటరీలు చచ్చాయి, సోలారు పలకలు పగిలాయి, విడిభాగాలు దొరకలేదు. లెక్కల్లో ఫోను ఉంది, పల్లెలో పెట్టె ఉంది, చెవిలో మాత్రం ఏమీ వినపడదు. దేశమంతా ఇదే కథ అయింది. చివరికి వాటిని తీసేసి వేరే పద్ధతులు పెట్టాల్సి వచ్చింది. ఇవ్వడానికి డబ్బుంటుంది, నిలబెట్టడానికి ఉండదు. ఈ జబ్బుని నేను అప్పుడే చూశాను.

ఇక ఫైబర్‌నెట్ సంగతి. రాష్ట్రం విడిపోయాక, 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పేరుతో ఒక సంస్థ పెట్టి ఇంటింటికీ ఇంటర్నెట్ ఇస్తానంది. భూమి తవ్వి ఫైబరు వెయ్యాలంటే వేల కోట్లు, ఏళ్ళ కాలం, రోడ్ల శాఖ అనుమతులు, రైల్వే అనుమతులు. వీళ్ళు వేరే దారి ఎంచుకున్నారు. ఊరూరా కరెంటు స్తంభాలున్నాయి, సబ్‌స్టేషన్లున్నాయి. లోహం లేని ఫైబర్ కేబుల్‌ని ఆ స్తంభాల మీదే కట్టుకుంటూ పోయారు. సబ్‌స్టేషన్ గదుల్లోనే పరికరాలు పెట్టారు. 23 వేల కిలోమీటర్ల పైచిలుకు తీగ, మొదటి దశ ఖర్చు 333 కోట్లు. ఆ ఆలోచన చేసినవాళ్ళకి నేను దణ్ణం పెడతాను. లైన్ల పని తెలిసినవాడు ఎవడైనా పెడతాడు. రాగితీగ కాలంలో ఒక కిలోమీటరు లైను వెయ్యడానికి స్తంభం పాతడం దగ్గరే సగం ప్రాణం పోయేది. ఉన్న స్తంభాన్ని వాడుకోవడం కంటే తెలివైన పని లేదు.

2016 డిసెంబరులో మా సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చి ప్రారంభించారు. జీడిపప్పుకీ, నేతకీ పేరున్న ఊరది. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్ళు కూడా అక్కడికి వచ్చి పనిచేశారు. ఏడాది తర్వాత, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రమంతటి పథకాన్ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకి ఇంటర్నెట్, ఫోను, టీవీ చానళ్ళు మూడూ ఒకే తీగ మీద. అప్పటికి పట్నాల్లో ఒక్క ఇంటర్నెట్‌కే అంతకి మూడు నాలుగు రెట్లు కట్టేవారు. కొండలూ నదులూ దాటించడానికి గూగుల్ మాతృసంస్థకి చెందిన ఎక్స్ వాళ్ళ నుంచి గాల్లో కాంతిరేఖలతో సమాచారం పంపే పెట్టెలు రెండువేలు తెస్తామనీ అన్నారు. ఎవరు ఏ పార్టీ అయినా కానివ్వండి, ఒక రాష్ట్రం ఇంత పెద్ద ఎత్తున ఈ పని తలపెట్టడం మామూలు విషయం కాదు.

తర్వాత జరిగిందే నా బాధ. ఇంటికి తీగ వచ్చినా లోపల పెట్టె కావాలి. టీవీకీ ఇంటర్నెట్‌కీ కలిపి పనిచేసే ఆ పెట్టెల కొరత మొదటి నుంచీ పట్టుకుంది. పెట్టె లేక కనెక్షన్ ఆగిన ఇళ్ళు ఉన్నాయి, పెట్టె పాడై మూలపడ్డ ఇళ్ళూ ఉన్నాయి. 149 రూపాయల ధర నిలవలేదు, పెరుగుతూ పోయింది. ప్రభుత్వాలు మారాయి. 2021లో టెండర్ల మీద సీఐడీ కేసు పెట్టింది. 2025 ఫిబ్రవరిలో, పగ్గాలు పట్టి ఎన్నో నెలలు కాకుండానే, సంస్థ చైర్మన్ రాజీనామా చేశారు. కేసుల్లో ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది తేల్చడం కోర్టుల పని. నేను అడిగేది వేరు. ఈ ఏళ్ళన్నీ అసెంబ్లీలో, పేపర్లలో ఫైబర్‌నెట్ గురించి ఎంత మాట్లాడుకున్నారో చూడండి. అందులో తెగిన తీగ ఎన్ని గంటల్లో అతుకుతున్నారు అన్న మాట ఎంతమంది ఎత్తారు?

మా రోజుల్లో ఆ లెక్క ఉండేది. ఫోను పాడైతే 198కి చెప్పాలి, డాకెట్ నంబరు ఇస్తారు. టెస్ట్ డెస్క్ దగ్గర ప్రతి నంబరుకీ ఒక ఫాల్ట్ కార్డు ఉండేది. ఎప్పుడు పాడైంది, ఏ కారణం, ఎవరు బాగు చేశారు, అంతా దాని మీద పడేది. ఒకే తీగ జత మళ్ళీ మళ్ళీ పోతుంటే మా పై అధికారి జేటీవో పిలిచి నిలదీసేవాడు. డీపీ బాక్సులో నీళ్ళు దిగాయా, డ్రాప్ వైరు చెట్టుకి రాసుకుంటోందా, కేబుల్ జాయింటు మెత్తబడిందా అని వెతికించేవాడు. మొత్తం సబ్‌డివిజన్లో ఎన్ని ఫిర్యాదులు మర్నాటికి మిగిలాయి అన్న అంకెని పై అధికారులు ఎక్కడున్నా అడిగేవారు. ఆ అంకె పెరిగితే మాకు తిట్లు. మేమంతా పనిమంతులం అనడం లేదు. డబ్బులు అడిగినవాళ్ళూ ఉన్నారు, ఫిర్యాదుని చూడకుండానే బాగైందని రాసేసినవాళ్ళూ ఉన్నారు. కానీ తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడానికి ఒక కార్డు ఉండేది.

ఇప్పుడు ఏ కంపెనీ కనెక్షన్ అయినా సరే, అడిగి చూడండి. మా వీధిలో ఒకరింట్లో ఇంటర్నెట్ పోతే కేబుల్ కుర్రాణ్ణి పట్టుకుని అడిగాను. అతను దాపరికం లేకుండా చెప్పాడు:

“బాబాయ్ గారూ, ఇంట్లోకొచ్చే తీగ మాదండి. స్తంభం కరెంటోళ్ళదండి. మెయిన్ లైను కాంట్రాక్టరు చూడాలండి. పెట్టె పోతే పైనుంచి రావాలండి. నన్ను తిడితే నేనేం చేస్తానండి?”

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి నెలకి వచ్చేది తక్కువ. ఎండలో స్తంభం ఎక్కుతాడు, పక్కనే కరెంటు తీగ ఉంటుంది, చేతికి రబ్బరు తొడుగు కూడా ఎవరూ ఇవ్వరు. మేము పోరాడి తెచ్చుకున్న పెన్షను, ప్రమాద పరిహారం అతనికి లేవు. ఇంత పెద్ద వ్యవస్థ బరువంతా చివరికి ఆ పిల్లాడి నిచ్చెన మీద పెట్టి పైవాళ్ళు చేతులు దులుపుకుంటే ఇంటర్నెట్ ఎలా నిలుస్తుంది? ఇంటికి చివరి తీగ లాగే కేబుల్ ఆపరేటర్లే ఈ పథకానికి కాళ్ళు. వాళ్ళకి వచ్చే వాటా గిట్టకపోతే, ఎక్కువ లాభమొచ్చే కంపెనీ రాగానే అటు మళ్ళుతారు. వాళ్ళని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

స్తంభాల మీద తీగకి ఒక పెద్ద గండం తుపాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపానులో లెక్కలేనన్ని కొబ్బరి చెట్లు కూలాయి, వాటి కింద మా లైన్లన్నీ నుజ్జయ్యాయి. తిరిగి నిలబెట్టడానికి బయటి జిల్లాల నుంచి మనుషుల్ని తెప్పించారు, స్టోర్సు నుంచి సామాను లారీల్లో వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో కరెంటు స్తంభాలు వేలల్లో ఒరిగిపోయాయి. స్తంభం పడితే దాని మీదున్న ఫైబరూ పడుతుంది. కరెంటు వాళ్ళు తమ తీగ నిలబెట్టుకుంటారు, వాళ్ళ పని అదే. ఫైబరు ఎవరు నిలబెట్టాలి, ఎన్నాళ్ళలో, ఆ సామాను ముందుగా ఎక్కడ దాచి ఉంచాలి?

ఇంకొకటి ఈ కాలం వాళ్ళకి తెలియదు. పాత ల్యాండ్‌లైనుకి కరెంటు ఇంట్లోంచి కాదు, ఎక్స్ఛేంజి నుంచే తీగలో వచ్చేది. అక్కడ 48 వోల్టుల బ్యాటరీ గది ఉండేది, దానికి ఇంజను ఉండేది. ఊరంతా చీకటైనా తీగ తెగనంత వరకూ ఫోను మోగేది. ఫైబరుతో అలా కాదు. గాజులో కాంతి పోతుంది గానీ కరెంటు పోదు. ఇంట్లో కరెంటు పోతే పెట్టె ఆగిపోతుంది. సబ్‌స్టేషన్లో బ్యాటరీ దిగిపోతే ఊళ్ళకి ఊళ్ళే ఆగిపోతాయి. తుపాను రాత్రి మాట అవసరమైనప్పుడే మాట పోతుంది. దీనికి మందు లేక కాదు. పెట్టెకి చిన్న బ్యాటరీ, సబ్‌స్టేషన్ గదిలో సరైన బ్యాటరీ బ్యాంకు ఉంటే చాలు. అది కొనడం టెండరులో ఒక పంక్తి. దాన్ని ఏటా చూసుకోవడం ఒక మనిషి పని.

తెలంగాణ వాళ్ళు వేరే దారిలో వెళ్ళారు. మిషన్ భగీరథకి ఊరూరా మంచినీళ్ళ గొట్టాలు వెయ్యడానికి తవ్విన కందకాల్లోనే ఫైబరు గొట్టం కూడా పరిచారు. గొయ్యి ఒక్కసారే తవ్వి రెండు పనులు చేసుకోవడం మెచ్చుకోదగ్గ సంగతి. ఆ తీగ గాలికి ఊగదు, దానికి తుపాను భయం లేదు. దాని శత్రువు జేసీబీ. రోడ్డు వెడల్పు చేసే కాంట్రాక్టరుకి ఆ తీగ అక్కడుందని ఎవరూ చెప్పరు. పరిచిన తీగ ఏళ్ళ తరబడి నేలలో నిద్రపోయింది. ఇళ్ళకి ఇంటర్నెట్ ఇవ్వడం ఎంపిక చేసిన కొన్ని గ్రామాల్లో 2024 డిసెంబరులో గానీ మొదలవలేదు. కేరళ వాళ్ళు కూడా కరెంటు బోర్డు స్తంభాలనే వాడుకుని 2023 జూన్ 5న కేఫాన్ అనే పథకం ప్రారంభించారు. అక్కడ 20 లక్షల పేద కుటుంబాలకి ఉచితంగా ఇవ్వాలన్నది లక్ష్యం, మొదట ఇచ్చింది నియోజకవర్గానికి వంద ఇళ్ళ చొప్పున 14 వేలు. వాళ్ళు చేసిన ఒక మంచి పని నాకు నచ్చింది. ఇంటర్నెట్ పౌరుల హక్కు అని ముందే ప్రకటించారు. హక్కు అని రాస్తే రేపు ఎవరైనా నిలదీయవచ్చు.

జేబులో ఫోనుంది, 2016 నుంచి డేటా చౌక, ఇక ఇంటికి తీగ ఎందుకు అనేవాళ్ళు ఉన్నారు. అందరూ కుర్రవాళ్ళే, మగవాళ్ళే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడారా అని అడిగితే ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో అవునన్నది 21 శాతం, మగవాళ్ళలో 48.8 శాతం. తెలంగాణలో 26.5, 57.9. కోవిడ్‌లో బడులు మూసి పాఠాలు టీవీలోకీ ఫోన్లలోకీ ఎక్కించినప్పుడు ఈ తేడా కళ్ళకి కట్టింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్నది. అతను పనికి వెళితే ఫోనూ వెళ్ళింది. తిరిగొచ్చాక అన్నయ్యకి ఇస్తారు, ఆడపిల్ల వంతు వచ్చేసరికి డేటా అయిపోతుంది. ఇంటికి వచ్చే తీగ ఇంటిల్లిపాదిది. ఎవరి జేబులోకీ వెళ్ళిపోదు. నాకు అన్నిటికంటే దీని గురించే ఆరాటం. ఇంటర్నెట్ చౌకగా ఉండాలి అంటే నేను ఆ పిల్ల గురించే ఆలోచిస్తాను.

రాష్ట్ర ప్రభుత్వం కూడా ఇప్పుడు సర్టిఫికెట్లు, పింఛన్ల వివరాలు అన్నీ ఫోన్లోకి తెచ్చింది. 2025 జనవరి నుంచి వాట్సాప్‌లోనే సేవలిస్తోంది. రేషను వేలిముద్ర పడాలన్నా లైను ఉండాలి. ఎండలో నిలబడ్డ ముసలమ్మతో సర్వర్ పనిచేయడం లేదు, రేపు రా అంటున్నారు. అన్నీ తీగ మీదకి ఎక్కించినవాళ్ళు ఆ తీగకి పూచీ పడాలి కదా! కేంద్రం 2023 ఆగస్టులో, పంచాయతీలకి ఫైబరు వేసే భారత్‌నెట్ కొత్త దశకి 1,39,579 కోట్లు మంజూరు చేసింది. పాత దశలో పంచాయతీ దాకా తీగ వెళ్ళి అక్కడే ఆగిన సంగతి అందరికీ తెలుసు. ఈసారి ఆ డబ్బులో నిర్వహణకి ఎంత, ఎవరి చేతిలో, ఏ మండలానికి ఎంతమంది అన్నది ప్రతి పంచాయతీలోనూ అడగాలి.

మా కలెక్టరేటుకి ఒక అర్జీ రాసిచ్చాను. స్తంభం మీద ప్రతి తీగకీ యజమాని పేరు, ఫిర్యాదు నంబరు రాసిన చిన్న రేకు కట్టాలి. మండలానికి ఒక స్ప్లైసింగ్ మిషను, తెగిన చోటు ఎంత దూరంలో ఉందో చూపే ఓటీడీఆరు, వాటిని వాడటం వచ్చిన ఇద్దరు మనుషులు జీతం మీద ఉండాలి. స్తంభం ఎక్కే పిల్లలందరికీ బెల్టు, తొడుగులు, బీమా ఇవ్వాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని మర్నాటికి మిగిలాయి అన్నది నెలనెలా గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి. సబ్‌స్టేషన్ గదుల్లో, తుపాను షెల్టర్లలో బ్యాటరీలు అక్టోబరు రాకముందే పరీక్ష చెయ్యాలి. వీటిలో చాలావరకు కొత్తవి కావు, రాగితీగ మీద మేము చేసినవే. అర్జీ తీసుకున్న గుమాస్తా మంచి కుర్రాడు, ఇది ఏ శాఖకి పంపాలి మాస్టారూ అని అడిగాడు. కరెంటు శాఖకి ఒకటి, ఫైబర్‌నెట్‌కి ఒకటి, పంచాయతీరాజ్‌కి ఒకటి పంపమని మూడు కాపీలు ఇచ్చాను. వచ్చే సోమవారం మళ్ళీ వెళ్ళి ముగ్గురి దగ్గరా అర్జీ నంబరు అడుగుతాను.